పురసవాక్కపు గ్లోబు చిత్రశాల

తెలుగు చలనచిత్ర చరిత్ర యనగానే 1932లో వెలువడిన ‘భక్త ప్రహ్లాద’ మనకు స్ఫురించును. ఆ తొలి తెలుగు టాకీకి ఏండ్ల ముందే చిత్రశాలలు కట్టించి, ప్రేక్షకలోకమును సమకూర్చిన ఆంధ్రుడు రఘుపతి వెంకయ్య. మద్రాసులో ఆయన నెలకొల్పిన మూడు శాలలలో నొకటి నగరపు నడిబొడ్డున గాక, పురసవాక్కమను పేటలో వెలసినది. దాని పేరు గ్లోబు.

వెంకయ్య మచిలీపట్టణమువాడు. మద్రాసు చేరి ఛాయాగ్రాహకుడుగా పేరొందెను. 1909లో క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించెను. తెరమీది బొమ్మకు గ్రామఫోను పలక ధ్వనిని జతపరచు యంత్రమది. దానికి 30,000 రూపాయలు వెచ్చించెనని ప్రతీతి. దానితో దక్షిణదేశమునను, సింహళ బర్మాలలోను ప్రదర్శనలిచ్చెను. నాడు సినిమా యనగా గుడారములోని వింత. నేడొక యూర, రేపొక యూర.

మద్రాసులో స్థిరమైన శాలలు మొదట ఐరోపీయుల చేతిలో నుండెను. 1913లో వార్విక్ మేజరు మౌంటురోడ్డున ఎలక్ట్రిక్ థియేటరును తెరచెను. 1915లో అది మూతపడగా తంతి తపాలా శాఖవారు కొనిరి. చిత్రశాల తపాలా కార్యాలయమైన ఈ ముచ్చట కేంద్ర ప్రభుత్వోద్యోగులమైన మనకు వినసొంపుగా నుండును.

1914లో వెంకయ్య గెయిటీ చిత్రశాలను కట్టించెను. మద్రాసులో భారతీయుడు కట్టించిన తొలి చిత్రశాల యదియే. పిదప టంకశాలవీధిలో క్రౌన్, పురసవాక్కములో గ్లోబు వెలసినవి. ఈ మూడవదానియందే ఆయన దూరదృష్టి తేటపడును. మౌంటురోడ్డు దొరల విహారస్థలము. పురసవాక్కము సంసారులు కాపురముండు పేట. పేటలోనే శాల యున్నప్పుడు సినిమా ఏడాదికొకసారి చూచు వింత గాక, ఇంటిల్లిపాదికి అలవాటైన వినోద మగును. రాయపూరు శివారగు సిల్తారా పరిసరములలో కొలువు చేయువారికి ఈ మాట వివరింప నక్కరలేదు.

వెంకయ్య అంతటితో నిలువక, కుమారుడు ప్రకాశును చిత్రనిర్మాణ విద్యకై ఇంగ్లండు పంపెను. తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థను స్థాపించి ‘భీష్మప్రతిజ్ఞ’ యను మూకీని నిర్మించిరి. కాని కళ వర్ధిల్లినంతగా కలిమి నిలువలేదు. శాలలు చేతులు మారెను. గ్లోబు పేరు మారి రాక్సీ యయ్యెను. 1941లో వెంకయ్య కన్నుమూసెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1980లో ఆయన పేర పురస్కారమును నెలకొల్పెను.

నేడు గెయిటీ లేదు, క్రౌన్ లేదు, రాక్సీయును లేదు. నటుల పేర్లు చిత్రములతోపాటు నిలుచును. శాల కట్టినవాని పేరు గోడలతోపాటు కూలును. బెజవాడలో 1921లో వెలసిన మారుతీ సినిమా మొదలు, మన యూళ్లలో ఇట్టి శాలలెన్నియో కలవు. వాని నెరిగిన పెద్దలు మన యిండ్లలో నింకను ఉన్నారు. వారు చెప్పగా పిల్లలు వ్రాసి యుంచినచో, గోడలు పోయినను చరిత్ర మిగులును.