మంచు ఓడలు, మంటి కుండలు, కోలారు గనులు

1833వ సంవత్సరము మే నెలలో అమెరికాలోని బోస్టను రేవునుండి 'టస్కనీ' యను తెరచాప ఓడ కలకత్తాకు బయలుదేరెను. అందలి ముఖ్యమైన సరకు మంచుగడ్డలు, సుమారు 180 టన్నులు. భూమధ్యరేఖను రెండుమారులు దాటి, నాలుగు నెలలు ప్రయాణము చేసి, సెప్టెంబరులో ఆ ఓడ కలకత్తా చేరునప్పటికి సుమారు 100 టన్నులు కరగక మిగిలియుండెను. మంచుముక్క గడియసేపైనను నిలువని దేశమున నిది వింతయే. సుంకపు అధికారులు మంచునకు పన్ను తొలగించి, రాత్రివేళ దింపుకొనుటకు గూడ అనుమతించిరి.

ఈ వర్తకమునకు మూలపురుషుడు ఫ్రెడరిక్ ట్యూడరు. 1806లో ఆతడు మార్టినీక్ ద్వీపమునకు పంపిన మొదటి మంచు నష్టమే తెచ్చెను. పిమ్మట అనుభవమువలన ఆతడు గ్రహించిన దొక్కటే: చల్లదనమును కాపాడుట యనగా వేడిమిని లోనికి రానీయకుండుట. 1825 ప్రాంతమున నథానియేలు వైయెత్ గుర్రములు లాగు మంచుకోత సాధనమును నిర్మించెను. దానితో గడ్డలు ఇటుకలవలె ఒకే కొలతగా తెగి, సందులేకుండ ఒకదానికొకటి అమరెను. గాలి సోకు భాగము తగ్గినకొలది కరుగుటయు తగ్గును. చుట్టును రంపపుపొట్టు దట్టించిరి. కోతమిల్లులవారు పారవైచు పొట్టే ఈ వ్యాపారమునకు ప్రాణమయ్యెను. కరగిన నీరు అడుగున నిలిచినచో మిగిలిన గడ్డకు హాని గనుక దానిని ఎప్పటికప్పుడు తోడివేయవలసియుండెను. మంచుతోపాటు ఆపిలు పండ్లును చెడకుండ ఈ దేశమునకు వచ్చినవి. అదివరకు దూరపు ఓడలలో ఉప్పువేసిన మాంసము, ఎండు రొట్టె, బోనులలోని కోళ్లు ఇవియే ప్రయాణికుల ఆహారము.

చెన్నపట్టణపు సముద్రతీరమున 1842లో ట్యూడరు కంపెనీ మంచు నిలువ చేయుటకై కట్టించిన గుండ్రని భవనము నేటికిని నిలిచియున్నది. 1897లో వివేకానందస్వామి బస చేసినది అందే. ఆ మంచు దొరల బల్లలకును, వైద్యశాలలకును చేరినదే గాని సామాన్యుని కంట బడినది అరుదు.

కోలారు సీమలో సామాన్యునికి దాని అవసరమంతగా లేదు. సముద్రమట్టమునకు సుమారు 2,800 అడుగుల ఎత్తున నున్న ఈ పీఠభూమిలో వేసవిగాలి పొడిగాలి. తడి ఇసుకపై నుంచిన మంటికుండ చెమర్చును. ఆ చెమ్మ ఆవిరియగుచు లోని నీటి వేడిమిని తీసికొనిపోవును. తడిగుడ్డ చుట్టిన ముంతలో మజ్జిగ మధ్యాహ్నమువరకు చల్లగా నుండును. రాగి అంబలి పులిసియే రుచియగును గనుక దానికి మంచుతో పనియే లేదు. చెన్నపట్టణపు తేమగాలిలో కుండకు ఈ శక్తి సగము పోవును. అచ్చటి దొరలు మంచుకై ఓడలవైపు చూచుటకు ఇదియొక కారణమని చెప్పవచ్చును.

కుండ పూర్తిగా ఓడిపోయిన చోటు కోలారులోనే కలదు, అది గని. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు ఇచ్చట పని ప్రారంభించిరి. 1902లో శివసముద్రమునుండి విద్యుచ్ఛక్తి వచ్చినది. చాంపియన్ రీఫ్ గని క్రమముగా 10,000 అడుగుల లోతు మించెను. అచ్చటి శిల వేడిమి సుమారు 150 ఫారన్‌హీటు డిగ్రీలు. ధూళి అణచుటకు చల్లిన నీటిచే గాలి తేమయై, చెమట ఆరదు. కుండకు పట్టిన గతియే మనిషి దేహమునకును పట్టెను. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు, సేలము ప్రాంతములనుండి వచ్చిన తెలుగు, తమిళ కార్మికులు ఈ ఉక్కలోనే రాయి తొలిచిరి.

గాలిని చల్లబరచి లోనికి పంపు యంత్రములు అటుపిమ్మట వచ్చినవి. కార్మికుల కష్టమును చూచి జాలిపడి తెచ్చినవని చెప్పుట కష్టము. అవి లేనిదే లోతున పని సాగదు, బంగారము పైకి రాదు. ఇచ్చటను ట్యూడరు ఎదుర్కొనిన చిక్కే ఎదురయ్యెను. పైన చల్లబరచిన గాలి క్రిందికి దిగుచు తన బరువుచేతనే నొక్కబడి, ప్రతి వేయి అడుగులకు సుమారు 5 డిగ్రీలు వేడెక్కును. దారిలో శిల మరికొంత వేడిమి నిచ్చును. ఓడకు నాలుగు నెలల సముద్రము ఎట్టిదో, ఈ గాలికి పదివేల అడుగుల దారి అట్టిది. అయినను చల్లబరచునపుడు దానిలోని తేమ తీయబడుటచే, లోపలివాని చెమట కొంతయైన ఆరెడిది.

శీతలయంత్రముల శక్తిని నేటికిని 'టన్ను'లలోనే లెక్కింతురు. ఒక అమెరికా టన్ను, అనగా 2,000 పౌనుల మంచు ఒక దినమున కరగుచు ఎంత వేడిమి గ్రహించునో అంత వేడిమిని తొలగించు యంత్రము ఒక టన్ను యంత్రము. ఓడలలో వచ్చిన మంచు మాయమైనను, దాని కొలత ఈ విధముగ యంత్రములకు అంటియున్నది.

2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడెను. పంపులు నిలిచిపోగా లోతట్టు సొరంగములు నీట మునిగినవి.