యూనిక్సు సంతతి: ఎక్కించుట, నిలుచుట

వేసవిలో నరసరావుపేటలోగాని మాచర్లలోగాని కంప్యూటరు ముందు కూర్చున్నవారికి కరెంటు హఠాత్తుగా పోవుట కొత్త కాదు. తిరిగి వచ్చిన తరువాత యంత్రము మామూలుగా లేచునా అన్నది అందలి ఆపరేటింగు సిస్టముపై చాలవరకు ఆధారపడి యుండును. పాఠశాలలోని పాత యంత్రములకు లినక్సువంటి ఉచిత వ్యవస్థలలో దేనిని ఎక్కించవలెనని ఉపాధ్యాయ మిత్రులు తరచు అడుగుదురు. సులభముగా ఎక్కవలెను, నిలుకడగా పనిచేయవలెను అని రెండును కలిపి కోరుదురు. చరిత్రను చూడగా ఈ రెండు గుణములును వేరువేరు కాలములలో, వేరువేరు కారణములచేత ఏర్పడినవి.

ఈ వ్యవస్థలన్నిటికి మూలపురుషుడు యూనిక్సు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు దానిని ఆరంభించిరి. ఒకే యంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొనుటకు ఉద్దేశించినది గనుక, ఒకరి ప్రోగ్రాము చెడినను పొరుగువాని పని చెడకుండ క్రమముగా కట్టుదిట్టములు చేసిరి. నిలుకడకు బీజమిదియే. ఇక ఎక్కించు పని యంత్రశాలలోని నిపుణులది. అది సులభమా కష్టమా అని అడిగినవారు లేరు.

1991లో ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తన సొంత కంప్యూటరు కొరకు లినక్సును వ్రాయుటతో కష్టము ఇంటికి వచ్చినది. 1993లో స్లాక్‌వేరు, డెబియను అను లినక్సు కూర్పులును, బర్క్‌లీ విశ్వవిద్యాలయపు యూనిక్సు శాఖనుండి ఫ్రీబీఎస్‌డీయు వెలువడినవి. ఆనాడు ఫ్లాపీలను ఒకదాని వెంట ఒకటి పెట్టవలెను. తెర పౌనఃపున్యములను చేతితో వ్రాయవలెను. అంకె తప్పినచో తెరయే చెడు ప్రమాదముండెను. డిస్కును భాగించుట మరియొక గండము. చదువుకొను రోజులలో నేనును ఒక మిత్రుని ఫైళ్లన్నియు ఇట్లే తుడిచివేసితిని. అతడు ఇప్పటికిని గుర్తుచేయుచుండును.

2000లో జర్మనీలో వచ్చిన నాపిక్సు, డిస్కును ముట్టకుండ సీడీనుండియే నడచుచు యంత్రభాగములను తానే గుర్తించెను. 2004లో వచ్చిన ఉబుంటు 2006 నాటికి ఆ పద్ధతిలోనే, ముందు నడిపి చూచి పిమ్మట ఎక్కించుకొను వీలు కల్పించెను. ఫ్రీబీఎస్‌డీ మాత్రము అక్షరముల తెరతోనే పలుకరించును. డెస్కుటాపును తరువాత మనమే చేర్చుకొనవలెను. సర్వరులకు అది లోపము కాదు గాని, తీరికలేని ఉపాధ్యాయునికి భారమే.

ఉబుంటు ఆరునెలలకొక కొత్త కూర్పును ఇచ్చును; 2006నుండి దీర్ఘకాలము సవరణలు పొందు కూర్పులును కలవు. డెబియను తొందరపడదు. అందలి స్థిరకూర్పునకు దోష సవరణలే గాని కొత్త హంగులు చేరవు. ఆ నిదానమునకు వెలయు కలదు: 2002 కూర్పునకు తరువాతిది రావడానికి 2005 వరకు, దాదాపు మూడేండ్లు పట్టినది. వైఫై చిప్పులకు కావలసిన స్వేచ్ఛాయుతము కాని ఫర్ముువేరును 2023లో వచ్చిన 12వ కూర్పువరకు అధికారిక ప్రతిలో చేర్చలేదు. సిద్ధాంతము మంచిదే, ఇంటర్నెట్టు అందని లాప్‌టాప్‌తో కూర్చున్నవానికి అది ఓదార్పు కాదు.

కరెంటు మాటకు వత్తును. పూర్వపు లినక్సులో యంత్రము అర్ధాంతరముగా ఆగినచో, మరల లేచునపుడు డిస్కునంతటిని తనిఖీ చేయవలసి యుండెను. 2001లో లినక్సు కెర్నెలులో చేరిన ఎక్స్‌ట్-3 ఫైలు పద్ధతి దీనిని మార్చినది. మన వర్తకులు ముందు చిట్టాలో వ్రాసి పిమ్మట ఆవర్జాకెక్కించినట్లు, ఇది చేయబోవు మార్పును ముందొక చోట వ్రాసికొనును. మధ్యలో కరెంటు పోయినను చిట్టాను చూచి లెక్క సరిచేసికొనును. అయితే మీరు టైపుచేసి, దాచని మార్కుల పట్టిక మాత్రము తిరిగి రాదు.

భారత భాషల కొరకు చెన్నైలోని సీడాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్సునకును, హైదరాబాదు స్వేచ్ఛ బృందము తయారుచేసిన తెలుగు వ్యవస్థకును ఆధారము డెబియనే. నా మట్టుకు నేనును పాఠశాలకు దానినే చెప్పుదును. మొదటిసారి ఎక్కించువారికి మాత్రము ఉబుంటు దీర్ఘకాల కూర్పు. ముందు పెన్‌డ్రైవునుండి నడిపి, శబ్దము, వైఫై, తెలుగు ఒత్తులు సరిగా వచ్చుచున్నవేమో చూడవలెను. మీ యంత్రము 32 బిట్లదో 64 బిట్లదో కూడ ముందే తెలిసికొనుడు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియను 13వ కూర్పు 32 బిట్ల పాత కంప్యూటరులపై ఎక్కదు.