వరల్డ్ కప్ బెంచీ మీద మనోడు: వికాష్ ధొరాసూ కథ

2006 వరల్డ్ కప్ ఫుట్‌బాల్ ఫైనల్ గుర్తుందా? మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు, లేకపోతే పాలు తాగుతా ఉంటారు. కానీ జిదాన్ తలతో గుద్దిన వీడియో మాత్రం రీల్స్‌లో చూసే ఉంటారు. జులై 9, బెర్లిన్, ఇటలీ మీద ఫ్రాన్స్. ఆ రోజు ఫ్రాన్స్ బెంచీ మీద ఒక బక్కపల్చటి మనిషి కూర్చొని ఉన్నాడు. పేరు వికాష్ ధొరాసూ. ఆయన పూర్వీకులు తెలుగువాళ్లు.

మార్కాపురంలో కూర్చొని ఫుట్‌బాల్ సంగతి ఏంది అంటారేమో. మన గ్రౌండ్‌లో క్రికెట్, అది కాకపోతే వాలీబాల్. నిజమే. తెలుగు నేల మీద ఫుట్‌బాల్ అంటే హైదరాబాదే. 1962లో ఇండియాకు ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిన కోచ్ రహీం సాబ్ అక్కడివాడే. ఆయన కథకు వేరే ఎపిసోడే కావాలి. ఈ రోజు చెప్పేది బెంచీ కథ. సెలక్షన్ అయ్యి, పిలుపు కోసం ఎదురుచూసే కథ. మన పశ్చిమ ప్రకాశంలో తెల్లారుజామునే లేచి పోలీసు రన్నింగ్ ప్రాక్టీస్ చేసే కుర్రోళ్లకు అది ఎట్లుంటుందో నేను చెప్పక్కర్లేదు.

తెలుగోళ్లు ఫ్రాన్స్ ఎట్లా చేరారు? నేరుగా పోలేదు. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయినాక మారిషస్ చెరుకు తోటలకు కూలీలు కావాల్సి వచ్చింది. 1834 నుంచి ఇండియా నుంచి జనాన్ని ఓడలెక్కించారు. అయిదేళ్ల ఒప్పందం, మొదట్లో మగమనిషికి నెలకు అయిదు రూపాయలు. పోర్ట్ లూయీలో వాళ్లు దిగిన రేవును ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు, యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. మొత్తం మీద నాలుగున్నర లక్షల మంది దాకా వెళ్లారు. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు మీద వాళ్లను అక్కడ కోరంగీలు అని పిలిచారు. మన వైపు నుంచి ఇప్పుడు గుంటూరుకు మిరపకాయల కోతకు పోతారు చూడండి, అది మూడు నెలల వలస. వాళ్లలో చాలామందికి తిరుగు ప్రయాణమే లేదు. కానీ ఈ రోజుకీ మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది.

ఇంకో మెలిక. ఆ దీవిని బ్రిటిష్ వాళ్లు 1810లో ఫ్రెంచి వాళ్ల దగ్గర లాక్కున్నారు గానీ, అక్కడి జనం నోట్లో ఫ్రెంచి, క్రియోల్ అట్లాగే ఉండిపోయాయి. అందుకే ఆ తర్వాతి తరాల్లో కొన్ని కుటుంబాలు బతుకుతెరువుకు ఫ్రాన్స్ పోయాయి. అట్లాంటి ఇంట్లోనే 1973 అక్టోబర్ 10న, ల అవ్‌ర్ రేవు పక్కనే ఉన్న అర్‌ఫ్లర్ అనే ఊళ్లో వికాష్ పుట్టాడు.

ఆ రేవు క్లబ్‌లోనే ఆట నేర్చుకొని పెద్దాడయ్యాడు. మిడ్‌ఫీల్డర్. అంటే ఏందంటే, వాలీబాల్‌లో బంతిని లేపి ఇచ్చేవాడు ఉంటాడు కదా, అట్లాంటోడు. కొట్టినోడికి చప్పట్లు, లేపి ఇచ్చినోడిని ఎవరూ చూడరు. వికాష్‌కు పెద్ద ఒళ్లు లేదు. బంతిని కాళ్ల దగ్గర పెట్టుకొని, తలెత్తి చూసి, ఖాళీగా ఉన్నోడికి అందించడమే ఆయన పని. నాకు ఇట్లాంటి ఆటగాళ్లంటేనే ఇష్టం, దాచేదేం లేదు.

1998లో లియాన్‌కు మారాడు. మధ్యలో ఒక సీజన్ బోర్డోకు అప్పుగా పంపారు. తిరిగొచ్చాక 2003, 2004లో వరసగా రెండు సార్లు లియాన్‌తో లీగ్ ఛాంపియన్. ఆ తర్వాత ఏసీ మిలాన్. అక్కడ మిడ్‌ఫీల్డ్‌లో పిర్లో, గట్టూసో, సీడార్ఫ్, కాకా. ఇంక చోటెక్కడ? 2005 మే 25, ఇస్తాంబుల్. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. సగం ఆటకు మిలాన్ 3-0 ముందుంది, లివర్‌పూల్ 3-3 చేసి పెనాల్టీల్లో గెలిచింది. ఫుట్‌బాల్ చరిత్రలోనే పెద్ద మ్యాచ్‌లలో ఒకటి. వికాష్ అక్కడా ఉన్నాడు. బెంచీ మీద.

దాంతో ప్యారిస్ సెంట్ జర్మేన్‌కు వచ్చేశాడు. ఇప్పటి డబ్బున్న పీఎస్‌జీ కాదు, అప్పటిది వేరు. జాతీయ జట్టుకు 1999లోనే ఆడినా, తర్వాత ఏళ్లపాటు పిలుపు లేదు. రేమండ్ డొమెనెక్ కోచ్ అయ్యాక మళ్లీ పిలిచాడు. 2005 అక్టోబర్ 12న సైప్రస్ మీద 4-0తో గెలిచి ఫ్రాన్స్ వరల్డ్ కప్‌కు అర్హత సాధించిన రోజు మూడో గోల్ వికాష్‌దే. ఫ్రాన్స్‌కు ఆయన కొట్టిన ఒకే ఒక్క గోల్ అది.

జర్మనీ వరల్డ్ కప్‌కు ఎంపికయ్యాడు. 32 ఏళ్లు. స్విట్జర్లాండ్ మీద చివర్లో దించారు, కొరియా మీద ఇంకా చివర్లో దించారు. రెండూ కలిపినా ఇరవై నిమిషాలు కూడా రావు. ఆ తర్వాత ఫైనల్ దాకా ఒక్క నిమిషం లేదు. సరే, భారత మూలాలున్నోళ్లలో వరల్డ్ కప్ మైదానంలో దిగినోళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ లెక్కలో ఈయన ఉన్నాడు. కానీ ఆయనకు కావాల్సింది లెక్క కాదు కదా, ఆట.

ఇక్కడ ఆయన చేసిన పని చూడండి. ఫ్రెడ్ పూలే అనే స్నేహితుడు టోర్నమెంట్‌కు ముందు ఒక సూపర్ 8 కెమెరా ఇచ్చాడు. పాతకాలం రీలు కెమెరా. ఫోన్‌లో వ్లాగులు లేని రోజులు! హోటల్ గది, కిటికీ, బస్సు, ఖాళీ మధ్యాహ్నాలు, ఆడించట్లేదన్న కడుపుమంట, అన్నీ తనే తీసుకున్నాడు. 2007లో అది 'సబ్‌స్టిట్యూట్' అనే సినిమాగా వచ్చింది. కోచ్‌కు అది నచ్చలేదు. జట్టు ఫైనల్ దాకా పోతుంటే ఈయనేంది ఏడుస్తాడు అన్నోళ్లూ ఉన్నారు. ఆ మాటా తీసిపారేసేది కాదు. కానీ గెలిచినోడి డాక్యుమెంటరీలు వంద ఉంటాయి. బెంచీ మీద కూర్చున్నోడికి లోపల ఏం జరుగుతుందో చూపించింది ఎంతమంది?

నోరు తెరిచినందుకు ధర కూడా కట్టాడు. ఆ ఏడాదే పీఎస్‌జీ కోచ్ గై లాకోంబ్‌తో పడలేదు. పేపర్ ఇంటర్వ్యూలో విమర్శించాడు. 2006 అక్టోబర్‌లో క్లబ్ ఉద్యోగం పీకేసింది. 1973లో ఆటగాళ్ల ఒప్పంద నియమాలు వచ్చాక ఫ్రాన్స్‌లో ఒక క్లబ్ ఇట్లా ఆటగాడిని తీసేయడం అదే మొదటిసారి అని అప్పట్లో రాశారు. ఇటలీలో లివోర్నో తీసుకుంది, అక్కడ ఒక్క మ్యాచ్ కూడా పడలేదు. 2008 మొదట్లో ఆట మానేశాడు. ఫ్రాన్స్ తరఫున 18 మ్యాచ్‌లు, ఒక గోల్.

తర్వాత పేకాటలో దిగాడు, ప్రొఫెషనల్ పోకర్. 2020లో ప్యారిస్ నగర ఎన్నికల్లో వామపక్షం తరఫున నిలబడ్డాడు కూడా. ఊరుకునే మనిషి కాదు.

ఒకటి మిగిలింది. ఆ వరల్డ్ కప్‌కు ఆరు వారాల ముందు, 2006 ఏప్రిల్ 29న, ఫ్రెంచ్ కప్ ఫైనల్. పీఎస్‌జీ మీద మార్సే, వీళ్లిద్దరికీ అసలు పడదు. ఎదురుగా గోల్‌కీపర్ ఫాబియన్ బార్తెజ్, 1998లో వరల్డ్ కప్ గెలిచినోడు. 49వ నిమిషంలో వికాష్ దూరం నుంచే కొట్టాడు. లోపలికి పోయింది. పీఎస్‌జీ 2-1తో గెలిచింది, గెలిపించిన గోల్ అదే. ఫోన్ చేతిలోనే ఉంది కదా, వెతికి చూడండి. గోల్ ఒక్కటే కాదు, కొట్టినాక ఆయన మొహం కూడా చూడండి.