శయ్యకు అనతోలియా చుట్టం

తుర్కియేలోని అనతోలియా ప్రాంతంలో ఉన్న హత్తూసా ఒకప్పుడు హిత్తయిట్ల రాజధాని. అక్కడ దొరికిన మట్టి పలకల్లో పూజా తంతు హిత్తయిట్ భాషలో సాగుతూ సాగుతూ, ఉన్నట్టుండి ‘లువిలి’ అంటుంది. అంటే హిత్తయిట్‌కు సోదర భాష అయిన ‘లూవియన్‌లో’ అని. అక్కణ్నుంచి మంత్రం భాషే మారిపోతుంది. పలక పగిలి వాక్యం సగంలో ఆగిందా, అందులోని అరుదైన క్రియ పండితులకు పెద్ద పరీక్షే.

‘త్సియరి’ అలాంటి లూవియన్ క్రియే. మొదటి ధ్వని మన ‘చాప’లోని చకారానికి దగ్గర. చివరి ‘అరి’ ప్రథమ పురుష ఏకవచన ప్రత్యయం. హిత్తయిట్‌లో ‘కిత్తరి’ అంటే ‘పడి ఉంది’. ‘త్సియరి’కీ అదే అర్థమని తేల్చారు.

ఈ రెండు క్రియలదీ ఒకే మూలం. హిత్తయిట్, గ్రీకు భాషల్లో కకారంగా నిలిచిన దాని మొదటి ధ్వని లూవియన్‌లో త్స అయింది, సంస్కృతంలో శకారమైంది; అక్కడ ఈ క్రియ ‘శేతే’. మన శయ్య, శయనం, శేషశాయి ఆ ధాతువు నుంచి వచ్చినవే. ఈ భాషలన్నిటికీ మూలమైన ఆదిమ ఇండో-యూరోపియన్‌లోని మూడు రకాల కకారాలనూ లూవియన్ వేరువేరుగా నిలుపుకుందని 1987లో భాషావేత్త క్రెయిగ్ మెల్చర్ట్ వాదించారు. ‘త్సియరి’ అనే ఈ చిన్న క్రియే ఆ వాదనకు ముఖ్య సాక్షి. మిగతా రెంటికీ సాక్షులు ‘దువ్వు’ అనే ‘కిస’, ‘ఎవరు’ అనే ‘కుయి’.

కొందరు ఒప్పుకోలేదు. పక్కనున్న అచ్చు ప్రభావంతోనే క కాస్తా త్స అయిందన్నారు. అలాగైతే ‘కిస’లోని క ఎందుకు మారలేదన్నది గట్టి ఎదురుప్రశ్నే.