ధాత కరువు, పెరూ వరద: దేశాలను పోల్చి చూస్తే ఏం తెలిసింది?

విద్యార్థులారా, ముందుగా మీ అట్లాసులో ప్రపంచ పటం తెరవండి. భూమధ్యరేఖకు ఉత్తరాన 13 డిగ్రీల అక్షాంశం దగ్గర చెన్నైని గుర్తించండి. తరువాత దక్షిణాన 12 డిగ్రీల దగ్గర పెరూ దేశ రాజధాని లిమాను గుర్తించండి. రెండూ సముద్రపు ఒడ్డున ఉన్న నగరాలే. భూమధ్యరేఖ నుంచి రెండూ ఇంచుమించు ఒకే దూరంలో ఉన్నాయి. మరి వర్షం మాటేమిటి? చెన్నైలో ఏడాదికి సగటున 1,300 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. లిమాలో 20 మిల్లీమీటర్లు కూడా కురవదు.

పక్కనే అంత పెద్ద సముద్రం ఉండి కూడా వాన ఎందుకు పడదని మీరు అడగవచ్చు. సముద్రం ఉంటే సరిపోదు, దాని నీరు ఎంత వెచ్చగా ఉందన్నది ముఖ్యం. పెరూ తీరం వెంట దక్షిణం నుంచి హంబోల్ట్ శీతల ప్రవాహం సాగుతుంది. గాలులు తీరం దగ్గరి పైనీటిని సముద్రంలోకి నెట్టివేయడంతో లోతుల్లోని చల్లటి నీరు పైకి వస్తుంది. ఆ నీటిని తాకిన గాలి చల్లబడి బరువెక్కుతుంది. గాలి పైకి లేస్తేనే అందులోని తేమ మేఘమై వర్షిస్తుంది కదా! బరువెక్కిన గాలి అంత ఎత్తుకు లేవదు. అందుకే లిమాను పొగమంచు కప్పుతుంది కాని వాన తడపదు.

ఇలా రెండు దేశాల మధ్య తేడాలను, వాటి కారణాలను తెలుసుకోవడం భూగోళశాస్త్రంలో మొదటి మెట్టు. ఈ పాఠంలో మనం రెండో మెట్టు ఎక్కుదాం. ఇంత వేర్వేరుగా కనిపించే దేశాల వాతావరణాల మధ్య ఏదైనా సంబంధం ఉందా? మన దేశంలో ఈ అన్వేషణ ఒక కరువుతో మొదలైంది.

1877లో ఏం జరిగింది?

1876లో మద్రాసు ప్రెసిడెన్సీలో వానలు పడలేదు. తెలుగు సంవత్సరాల్లో అది ధాత. అందుకే దానికి ధాత కరువు అని పేరు వచ్చింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. నేటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్లారి జిల్లాలోనే ఉండేది. మైసూరు, బొంబాయి ప్రాంతాలకూ వ్యాపించిన ఈ కరువు 1878 వరకు పీడించింది. అందులో 50 లక్షలకు పైగా జనం చనిపోయారని చరిత్రకారుల అంచనా.

ఇప్పుడు మళ్లీ ప్రపంచ పటం చూడండి. సరిగ్గా ఆ కాలంలోనే ఉత్తర చైనాలో మహాక్షామం వచ్చింది. బ్రెజిల్ ఈశాన్య భాగంలోని సెయారా ఎండిపోయింది. ఈజిప్టులో నైలు నది వరద బాగా తగ్గింది. జావాలోనూ వానలు లేవు. కాని ఎడారి లాంటి పెరూ తీరంలో మాత్రం కుండపోత వానలు కురిసి వరదలు ముంచెత్తాయి! ఇవన్నీ ఒకే గొలుసులోని కొంకులని ఆనాడు ఎవరికీ తెలియదు.

రికార్డులను పక్కపక్కన పెట్టినవారు

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. దాని మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. కరువు సంవత్సరాల్లో మన దేశంలో గాలి పీడనం మామూలుకన్నా ఎక్కువగా ఉన్నట్లు ఆయన గమనించాడు. ఇతర దేశాల నుంచి కూడా పీడనం లెక్కలు తెప్పించుకున్నాడు. హిమాలయాల్లో మంచు ఎక్కువగా కురిస్తే ఆ తరువాతి వానకాలం బలహీనపడుతుందని 1884లో ప్రతిపాదించాడు. ఆ ఆధారంతోనే 1886లో మన దేశంలో రుతుపవనాల ముందస్తు అంచనాలు మొదలయ్యాయి. దక్షిణ ఆస్ట్రేలియాలో వాతావరణ పరిశీలనలు నిర్వహిస్తున్న చార్లెస్ టాడ్, భారతదేశంలోనూ ఆస్ట్రేలియాలోనూ అనావృష్టి తరచు ఒకేసారి వస్తోందని 1888లో చెప్పాడు.

1899లో రుతుపవనాలు మళ్లీ విఫలమై, మళ్లీ కరువు వచ్చింది. 1904లో శాఖాధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ వృత్తిరీత్యా గణితవేత్త. 1913లో మద్రాసులో శ్రీనివాస రామానుజన్ లెక్కలు చూసి, ఆయనకు సాయం చేయమని విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాసిన వాకర్ ఈయనే. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో, భారతీయ గుమాస్తాల సాయంతో ఎన్నో దేశాల పీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం లెక్కలను ఒకదానితో ఒకటి పోల్చి చూశాడు. పసిఫిక్ మీద పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గుతోంది. అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతోంది. తక్కెడలో ఒక పళ్లెం లేస్తే రెండోది దిగినట్లు! దీనికి ఆయన దక్షిణ డోలనం అని పేరు పెట్టాడు. కాని ఈ తక్కెడను ఊపుతున్నదేమిటో ఆయనకు అంతుచిక్కలేదు.

జవాబు సముద్రంలో దొరికింది

పెరూ తీరంలో క్రిస్మస్ ప్రాంతంలో వచ్చే వెచ్చటి ప్రవాహాన్ని అక్కడి నావికులు ఎల్ నినో అని పిలిచేవారు. బాలయేసు అని దాని అర్థం. ఈ వెచ్చదనానికీ వాకర్ తక్కెడకూ సంబంధం ఉందని 1969లో వివరించినవాడు జాకబ్ బ్యర్క్‌నెస్.

మామూలు కాలంలో పసిఫిక్ మీద వ్యాపార పవనాలు తూర్పు నుంచి పడమరకు వీస్తూ వెచ్చటి నీటిని ఇండోనేషియా వైపు నెడతాయి. గాలి అక్కడ పైకి లేచి వాన కురిపిస్తుంది, పెరూ వైపు కిందికి దిగుతుంది. కొన్నేళ్లకొకసారి ఆ పవనాలు మందగిస్తాయి. అప్పుడు వెచ్చటి నీరు తూర్పుకు జరుగుతుంది. వానలూ దానివెంటే జరుగుతాయి. పెరూ తీరం మునుగుతుంది. ఇండోనేషియా, ఆస్ట్రేలియా, మన దేశం మీద గాలి దిగడం మొదలై వానలు తగ్గుతాయి.

అయితే ఒక జాగ్రత్త. ఎల్ నినో వస్తే మనకు కరువు తప్పదని అనుకోకండి. 1997లో చాలా బలమైన ఎల్ నినో వచ్చినా మన రుతుపవన వర్షం సగటుకు 2 శాతం ఎక్కువే పడింది. హిందూ మహాసముద్రం పడమటి భాగం తూర్పు భాగంకన్నా బాగా వేడెక్కడం అప్పుడు మనకు కలిసివచ్చింది. హిందూ మహాసముద్ర ద్విధ్రువం అనే ఈ స్థితిని శాస్త్రవేత్తలు 1999లో వివరించారు. 2023లో మాత్రం ఎల్ నినోతో పాటు రుతుపవన వర్షం సగటులో 94 శాతానికి తగ్గింది.

వాన తప్పడం వేరు, కరువు వేరు

చివరగా రెండు దేశాలను కాదు, ఒకే దేశంలో రెండు కాలాలను పోల్చుదాం. 2002 కూడా ఎల్ నినో సంవత్సరమే. ఆ ఏడు రుతుపవన వర్షం సగటులో 81 శాతమే. జూలైలో అయితే సగమే పడింది. ఆహార ధాన్యాల ఉత్పత్తి సుమారు 21 కోట్ల టన్నుల నుంచి 17.5 కోట్ల టన్నులకు పడిపోయింది. రైతులు అప్పుల పాలయ్యారు, కూలీలు వలస పోయారు. అయినా 1877లోలాగా లక్షల మంది ఆకలితో చనిపోలేదు. ఎందుకు? ఆ ఏడాది ప్రభుత్వ గిడ్డంగుల్లో 6 కోట్ల టన్నులకు పైగా ధాన్యం ఉంది. రేషన్ దుకాణాలు ఉన్నాయి, ప్రశ్నించే పత్రికలు, శాసనసభలు ఉన్నాయి.

1877లో ధాన్యం ధర పేదలకు అందనంత పెరిగింది. దేశం నుంచి ధాన్యం ఎగుమతి మాత్రం ఆగలేదు. సహాయపు పనుల్లో మగకూలీ రోజు కూలిని ఒక పౌను ధాన్యానికి, దానిపై ఒక అణాకు కుదించారు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. రోజంతా మట్టి తవ్వే మనిషికి అది చాలుతుందా? మీరే ఆలోచించండి. వానను ఆపింది సముద్రమే, కాని అన్ని లక్షల ప్రాణాలు పోవడానికి పాలకుల నిర్ణయాలు కూడా కారణం.

ఇప్పుడు మీరొక పని చేయండి. మీ మండలంలో గత ముప్పై ఏళ్ల వర్షపాతం లెక్కలు మండల కార్యాలయంలో అడిగి రాసుకోండి. పక్క నిలువు వరుసలో ఎల్ నినో సంవత్సరాలను గుర్తు పెట్టండి. మూడో వరుసలో ఆ ఏడాది మీ ఊరి పంటలు ఎలా పండాయో పెద్దవాళ్లను అడిగి రాయండి. మూడూ ఎక్కడ కలిశాయి, ఎక్కడ కలవలేదు? కలవని చోటే ఎక్కువసేపు ఆగండి. అక్కడ చెరువు ఉందా, బోరు ఉందా, వేరే పంట వేశారా అని అడగండి.