వేడిమి, తేమ: కూఫా నుండి ఇబ్న్ ఖల్దూన్ వరకు

హిజ్రీ 16 (క్రీ.శ. 637)లో సాసానీ చక్రవర్తుల రాజధాని మదాయిన్ ముస్లింల వశమైంది. టైగ్రిస్ ఒడ్డున రాజప్రాసాదాలు, తోటలు, సమృద్ధిగా నీరు. అయినా అక్కడ విడిసిన అరబ్బు సైనికులు కొద్ది కాలంలోనే చిక్కిపోయారు, వారి మేనిరంగు మారిపోయింది. మదీనాకు వచ్చిన వారిని చూచి ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) కారణం అడిగారు. ఆ ప్రాంతపు గాలి పడలేదని తేలింది. ఒంటెలకు సరిపడే నేలయే అరబ్బులకూ సరిపడుతుందని ఆయన సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు వ్రాసినట్లు తబరీ పేర్కొన్నాడు. హజ్రత్ సల్మాన్, హజ్రత్ హుజైఫా (రజి) స్థలం వెదికారు. యూఫ్రటీస్‌కు పడమర, ఎడారి అంచున, హిజ్రీ 17లో కూఫా వెలసింది. గాలి పడలేదన్న మాటలో దోమలు, జ్వరాలు కూడా ఇమిడి వుండవచ్చు. ఏమైనా, ఒక మహానగరానికి చోటు నిర్ణయించింది గాలిలోని గుణం.

గ్రంథాలు చెప్పింది వేరు. గ్రీకుల నుండి వచ్చిన పద్ధతిలో భూమిని ఏడు ఇఖ్లీములుగా, అనగా తూర్పు పడమరలుగా సాగే ఏడు పట్టీలుగా విభజించేవారు. ఒకే పట్టీలోని ఊళ్ళన్నిటికీ ఒకే వేడి వుండాలి! ఊరూరా తిరిగిన వారికి ఇది రుచించలేదు. పదవ శతాబ్దపు ముఖద్దసీ ప్రతి దేశపు శీతోష్ణాన్నీ విడివిడిగా వర్ణించాడు. కూఫాకూ బస్రాకూ అక్షాంశంలో భేదం రెండు డిగ్రీలైనా లేదు. కాని సముద్రం మీదుగా దక్షిణపు గాలి వీచిందంటే బస్రా ఉక్కపోతతో ఉడికిపోతుంది.

క్రీ.శ. 1377లో ‘ముఖద్దిమా’ వ్రాసిన ఇబ్న్ ఖల్దూన్ ఈ పట్టీల లెక్కను విడువలేదు. మధ్య ఇఖ్లీములే సమశీతలమన్నాడు. అయితే యెమెన్, హిజాజ్ ఆ లెక్కకు లొంగలేదు. అరబ్బు ద్వీపకల్పాన్ని మూడు వైపులా సముద్రం చుట్టి వున్నందున, ఆ తేమ గాలిలో చేరి ఎండ తీవ్రతను తగ్గిస్తుందని ఆయన సమాధానం. తేమను లెక్కలోకి తేవడం గొప్ప ముందడుగే. కాని అది మేలే చేస్తుందన్న తీర్పు ఎఱ్ఱసముద్రపు తీరవాసులు ఒప్పుకొనేది కాదు.

శరీరం చల్లబడేది చెమట ఆరినప్పుడు. గాలి పొడిగా వుంటే చెమట ఇట్టే ఆరుతుంది. అబ్బాసీల బాగ్దాదులో వేసవిలో ‘ఖైష్’ అనే ముతక గుడ్డను తడిపి వ్రేలాడదీసేవారు, మన వట్టివేళ్ళ తడికల వలెనే. జిద్దాలో ఆ ఉపాయం పారదు. తడిసిన గుడ్డ తడిగానే వుంటుంది. అందుకే అక్కడి పాత మేడలకు గాలిని లోపలికి పట్టే ‘రౌషన్’ అనే చెక్క జాలీ కిటికీలు వీధి మీదికి పొడుచుకొని వుంటాయి.

2003 జూలై 8న పర్షియా సింధుశాఖ తీరాన జహ్రాన్‌లో గాలి మంచుబిందు స్థానం 35 డిగ్రీలకు చేరింది. అంటే దాదాపు మనిషి చర్మపు వేడి. అంతటి తేమలో చెమట ఆరదు. ఆనాడు ఉష్ణమాపకం చూపినది సుమారు 42 డిగ్రీలే. లోపలి ఎడారిలో వేసవికి అది మామూలు వేడి.