యాసతో నవ్వించిన ఏకపాత్రలు

మన గ్రామములలో వార్షికోత్సవము నాడు ఏకపాత్రాభినయమును చూడనివారు అరుదు. ఒక్కడే రంగముపై నిలిచి, ఎదుట లేని మనుష్యునితో మాటలాడుచు సభను నవ్వించుట దానియందలి నేర్పు. ఇంగ్లండులోను, అమెరికాలోను ఈ విద్య ఒకప్పుడు మిక్కిలి ప్రబలెను. అచ్చట హాస్యమునకు ప్రాణము కథ కాదు, యాస.

1852లో ఛార్లెస్ మోర్టన్ లండనులోని లాంబెత్ పేటలో తన పానశాలకు చేర్చి కాంటర్‌బరీ హాలును తెరచెను. అట్టి శాలలను మ్యూజిక్ హాళ్లనిరి. ఒక పాట, ఒక గారడి, ఒక నాట్యము, నడుమ ఒక హాస్యభాషణము, ప్రదర్శనమంతయు కలగూరగంప. అమెరికావారు ఇట్టిదానినే వాడెవిల్ అనిరి.

న్యూయార్కు నగరమున ఐర్లండు, జర్మనీ, ఇటలీలనుండి వలసవచ్చినవారు కిక్కిరిసియుండిరి. వారి వచ్చీరాని ఇంగ్లీషే విదూషకులకు పెట్టుబడి. జర్మను యాసకు పేరుమోసిన వెబర్, ఫీల్డ్స్ జంట జర్మనులు కారు. పోలండునుండి వచ్చిన యూదుల బిడ్డలు! పొరుగింటి యాసను అమ్ముకొని బ్రదికిరన్నమాట.

అయితే నవ్వబడువాడు ఎంతకాలము ఊరకుండును? 1907లో రస్సెల్ సోదరులు ఐరిష్ పనికత్తెల వేషము కట్టగా, ఐరిష్ సంఘములవారు నాటకశాలకే వచ్చి కేకలతో అల్లరి చేసిరి. తమ తల్లులును, అక్కచెల్లెండ్రును అట్టి కొలువులలోనే కష్టించుచుండగా ఆ వేషము వారికి వినోదమెట్లగును? వారి కోపము న్యాయమైనదే యని నా తలంపు.

1913లో జో హేమన్ లండనులో ‘టెలిఫోనులో కోహెన్’ అను గ్రామఫోను రికార్డు నిచ్చెను. కోహెన్ యూదుడు. గాలికి తన అంగడి షట్టరు ఊడిపడినదని ఇంటి యజమానికి చెప్పబోవును. అతడు ‘షట్టర్’ అన్నకొలదిని అవతలివానికి ‘షటప్’ అని వినబడును! అవతలి మాట మనకు వినబడనే వినబడదు. కోహెన్ పడు యాతననుబట్టి ఊహింపవలసినదే. ఇందు ఎగతాళి లేకపోలేదు. కాని అప్పటికింకను కొత్తదగు టెలిఫోనుతో కుస్తీపట్టని వాడెవడు?

యాస యనిన వెక్కిరింతయే కానక్కరలేదు. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడిన ‘కన్యాశుల్కము’న గురజాడ యెవరి నోట వారి పలుకే ఉంచెను, ఆ మనుష్యులు నేటికిని సజీవులు.

స్టాన్లీ హాలోవే లండనువాడయ్యు ఉత్తర ఇంగ్లండు యాసతో పేరొందెను. 1930 ప్రాంతమున అతడు సృష్టించిన శాం స్మాల్ ఒక సామాన్య సిపాయి. వాటర్లూ యుద్ధమునకు ముందు ఒక సార్జెంటు చేయి తగిలి శాం తుపాకి నేలబడును. తీయుమనిన తీయడు. పడగొట్టినవాడే తీయవలెనని భీష్మించును. ఒకరి తరువాత ఒకరుగా పై యధికారు లెందరు గద్దించినను కదలడు. ఇచ్చట సభ నవ్వునది శాం యాసను చూచి కాదు, ఆ యధికారుల అవస్థను చూచి. తుదకు వెల్లింగ్టన్ ప్రభువే స్వయముగా వచ్చి, తనకొరకై తీయుమని మంచిమాటతో అడుగగా, శాం వంగి తుపాకిని తీసికొనెను.